వారానికి 49 గంటలు దాటేది ఎందరు? ప్రాంతాలను పోల్చేటప్పుడు ఏ అంకెను ఎంచుకోవాలి

యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు అన్నప్పుడూ, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారి 90 గంటల మాట బయటికి వచ్చినప్పుడూ టీవీ చర్చల్లో, పత్రికల్లో దేశాల పట్టికలు వెల్లువెత్తాయి. మనవాళ్లు ఇప్పటికే ఒళ్లు హూనం చేసుకుంటున్నారని చెప్పడానికి కొందరు 51 శాతం అన్న అంకెను చూపించారు. అంత బెంబేలు పడాల్సిందేమీ లేదని చెప్పడానికి మరికొందరు 46.7 గంటలు అన్న అంకెను చూపించారు. రెండూ అంతర్జాతీయ కార్మిక సంస్థ పట్టికల్లోవే, రెండూ భారతదేశానివే. వారానికి 49 గంటలు, అంతకు మించి పనిచేసేవారి వాటా మొదటిది (కింద ‘49 గంటలు దాటినవారు’ అన్నచోటల్లా అర్థం ఇదే). పనిచేసేవారందరి గంటల సగటు రెండోది.

పని కోసం ఊరో దేశమో మారాలనుకునేవారికీ, ఈ అంశంపై వ్యాసమో పరిశోధనా పత్రమో రాయాలనుకునేవారికీ ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇక్కడే ఉంది: సగటును నమ్మాలా, వాటాను నమ్మాలా? నా సలహా ముందే చెప్పేస్తాను. ప్రాంతాల మధ్య పోలికకు 49 గంటలు దాటినవారి వాటానే తీసుకోవాలి, అదీ జీతానికి పనిచేసేవారికి విడిగా, సొంత పని చేసుకునేవారికి విడిగా చూడాలి. సగటును పక్కన తోడుగా ఉంచుకోవచ్చు గానీ దాని మీద ఏ నిర్ణయమూ నిలబెట్టకూడదు.

సగటు ఎలా మోసం చేస్తుంది

యూరప్ గణాంక సంస్థ యూరోస్టాట్ 2023 లెక్కల్లో రెండు దేశాలను తీసుకుందాం. బల్గేరియాలో వారపు సగటు పని 39 గంటల దరిదాపుల్లో ఉంటుంది, అంటే యూరోపియన్ యూనియన్ కూటమిలో ఎక్కువ సగటున్న దేశాల్లో అదొకటి. ఫ్రాన్సులో సగటు 36 గంటల చుట్టుపక్కలే ఉంటుంది. సగటును బట్టి చూస్తే బల్గేరియావాడు కష్టజీవి, ఫ్రెంచివాడు సుఖజీవి. కానీ 49 గంటలు దాటినవారి వాటా చూస్తే బొమ్మ తిరగబడుతుంది: బల్గేరియాలో 0.4 శాతం, ఫ్రాన్సులో 10.1 శాతం. గ్రీసు (11.6), సైప్రస్ (10.4) తర్వాత యూరోపియన్ యూనియన్ మొత్తంలో ఫ్రాన్సుదే మూడో స్థానం. 35 గంటల వారాన్ని 2000లోనే చట్టంగా అమలుచేసిన దేశం ఇది!

కారణం వెతికితే దొరుకుతుంది. బల్గేరియాలో దాదాపు అందరూ పూర్తికాలపు ఉద్యోగమే చేస్తారు, దాదాపు అందరూ 40 గంటల దగ్గర ఆగిపోతారు. అందుకే సగటు ఎక్కువ, అతిగా పనిచేసేవారు తక్కువ. ఫ్రాన్సులో పార్ట్‌టైమ్ చేసేవారు చాలామంది ఉన్నారు, మరో కొసన మేనేజర్ల స్థాయి ఉద్యోగులకు గంటల లెక్క కాకుండా ఏడాదికి 218 రోజుల లెక్కన ఒప్పందం రాసుకునే పద్ధతి ఉంది. ఆ ఒప్పందం కిందకు వచ్చినవారికి 35 గంటల నియమం వర్తించదు. వీరికి తోడు రైతులు, హోటళ్ల యజమానులు, సొంత వృత్తులవారు ఉన్నారు. తక్కువ గంటలవారూ ఎక్కువ గంటలవారూ ఒకే సగటులో కలిసిపోయి, ఎవరి పరిస్థితీ తెలియకుండా పోతుంది.

నెదర్లాండ్స్ సగటు 32.2 గంటలు, యూరప్‌లోకెల్లా అతి తక్కువ. అక్కడ వారానికి మూడు నాలుగు రోజులు పనిచేసే ఉద్యోగాలు మామూలు కావడం దీనికి ప్రధాన కారణం. పూర్తికాలపు ఉద్యోగానికి వెళ్లబోయే మనిషి ఈ 32ను చూసి మురిసిపోతే, చేరిన మొదటి వారంలోనే 40 గంటల కాగితం చేతికొస్తుంది.

ఏ గీత దగ్గర కొలవాలి

వాటాను ఎంచుకున్నాక రెండో ప్రశ్న: ఎన్ని గంటలు దాటితే ఎక్కువ అనాలి? అంతర్జాతీయ కార్మిక సంస్థ, యూరోస్టాట్ 49 నుంచి లెక్కిస్తాయి. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ తన బెటర్ లైఫ్ సూచీలో 50 గంటలను గీతగా పెట్టుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 55ను తీసుకుంది. జపాన్ ప్రభుత్వం 60 దాటినవారిని ప్రత్యేకంగా గమనిస్తూ వస్తోంది.

49 నుంచి లెక్కించడమంటే 48 దాటినవారిని లెక్కించడమే. ఆ 48 అన్న సంఖ్య ఊరికే పుట్టలేదు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన మొట్టమొదటి ఒప్పందమే పరిశ్రమల్లో రోజుకు 8, వారానికి 48 గంటలు అని నిర్ణయించింది. అదే ఒప్పందంలో బ్రిటిష్ ఇండియాకు మాత్రం మినహాయింపుగా 60 గంటలు రాశారు. మన ఫ్యాక్టరీల చట్టం 1922లో ఆ 60ని, 1934లో ఏడాది పొడవునా నడిచే కర్మాగారాలకు 54ను, 1946లో 48ని అందుకుంది. 1948 చట్టం దాన్నే స్థిరపరచింది. అంటే భారతదేశంలో వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు చేసే కార్మికుడు సరిగ్గా గీత మీద నిలబడి ఉన్నాడు. అందుకే ‘48 దాటినవారు’ అనడానికీ ‘48, అంతకు మించి’ అనడానికీ మన దేశంలో కోట్ల మంది తేడా వస్తుంది. ఒక పట్టిక నుంచి అంకె తీసుకునేటప్పుడు ఈ ఒక్క మాట సరిచూసుకోకపోతే, చట్టబద్ధంగా పనిచేస్తున్న ప్రతి ఫ్యాక్టరీ కార్మికుడూ అతిగా పనిచేసేవారి జాబితాలో చేరిపోతాడు.

ఇంకో చిక్కు ఉంది. సర్వేకు వచ్చినవారు పోయిన వారం ఎన్ని గంటలు పనిచేశారని అడిగితే ఎవరూ 47 అనో 53 అనో చెప్పరు. 40, 48, 50, 60 అని గుండుగుత్తగా చెబుతారు. అందువల్ల గీత 50 దగ్గర ఉన్నా 49 దగ్గర ఉన్నా ఫలితం దాదాపు ఒకటే అవుతుంది గానీ, 50కి పైన అని మొదలుపెడితే ఆ 50 చెప్పినవారంతా జారిపోతారు. ఉద్యోగ, ఉపాధి వివరాల కోసం కేంద్ర గణాంక శాఖ చేసే మన కుటుంబ సర్వే పీఎల్‌ఎఫ్‌ఎస్ ఈ విషయంలో మెరుగైనదని నా అభిప్రాయం. అందులో సర్వే చేసేవారు వారం మొత్తాన్ని ఒక్క ప్రశ్నతో తేల్చేయకుండా ఏడు రోజులకు ఏడు గడుల్లో ఏ రోజు ఏం పని, ఎన్ని గంటలు అని విడివిడిగా నింపుతారు. బుధవారం వర్షానికి కూలి దొరకలేదన్న సంగతి అక్కడ బయటపడుతుంది.

ఆరోగ్యం గురించి రాసేవారు మాత్రం 55నే పట్టుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రచురించిన అధ్యయనం ఆ గీత మీదే నడిచింది. 2016లో ప్రపంచవ్యాప్తంగా 48.8 కోట్ల మంది వారానికి 55 గంటలు, అంతకంటే ఎక్కువ పనిచేశారనీ, దానివల్ల పక్షవాతంతోనూ గుండెజబ్బుతోనూ 7.45 లక్షల మంది చనిపోయారనీ అది అంచనా వేసింది. 35 నుంచి 40 గంటలు చేసేవారితో పోలిస్తే వీరికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఈ శాతాలను 49 గంటలవారికి అంటగట్టడం తప్పు. పత్రికల్లో ఇది తరచుగా జరుగుతోంది.

ఎవరిని లెక్కలో చేర్చారు

పోలికలన్నింటిలోకీ ఎక్కువ పొరపాట్లు జరిగే చోటు ఇదే కాబట్టి కాస్త ఎక్కువసేపు ఆగాలి.

ఓఈసీడీ పట్టికలో సగటున 10 శాతం మంది 50 గంటలు దాటుతారు. మెక్సికోలో 27, తుర్కియేలో 25, అమెరికాలో 10, జర్మనీలో 4 శాతం, నెదర్లాండ్స్‌లో అర శాతం కూడా లేదు. దీని పక్కన భారతదేశపు 51ని పెడితే మన పరిస్థితి మెక్సికో కంటే రెండింతలు ఘోరమని అనిపిస్తుంది. కానీ ఓఈసీడీ లెక్కలో ఉన్నది జీతగాళ్లు మాత్రమే. సొంత పని చేసుకునేవారు ఇష్టపూర్వకంగా ఎక్కువసేపు చేస్తారన్న కారణం చూపి వారిని తీసేశారు. భారతదేశపు 51లో మాత్రం అందరూ ఉన్నారు.

ఆ ‘అందరి’లో ఎవరెక్కువ? పీఎల్‌ఎఫ్‌ఎస్ 2023-24 ప్రకారం మన దేశంలో పనిచేసేవారిలో 58.4 శాతం స్వయం ఉపాధి వారే. రైతు, కిరాణా కొట్టు యజమాని, ఆటో డ్రైవరు, టిఫిన్ సెంటరు నడిపే దంపతులు, మగ్గం నేసేవారు అందరూ ఇందులోకి వస్తారు. తెల్లవారుజామున పాల ప్యాకెట్లు దించుకున్న దగ్గర్నుంచి రాత్రి పదింటికి షట్టరు దించేదాకా కొట్లో ఉండే మనిషికి వారానికి 90 గంటలు రావడం పెద్ద విశేషం కాదు. వాటిలో మధ్యాహ్నం బేరాల్లేక కునికిపాట్లు పడిన రెండు గంటలు కూడా ఉంటాయి. ఇదే తేడా యూరప్‌లోనూ కనిపిస్తుంది. 2023లో యూరోపియన్ యూనియన్ మొత్తానికి 49 గంటలు దాటినవారు 7.1 శాతమే అయినా, ఉద్యోగుల్లో వారి వాటా 3.6, స్వయం ఉపాధిలో 29 శాతం పైచిలుకు. అంటే ఒక ప్రాంతంలో చిన్న వ్యాపారాలు, సొంత సేద్యం ఎక్కువగా ఉంటే, అక్కడి యజమానులెవరూ ఉద్యోగులను పీడించకపోయినా ఎక్కువ గంటలవారి వాటా పెరుగుతుంది. గ్రీసు మొదటి స్థానంలో ఉండటం వెనుక ఇది చాలావరకు ఉంది.

కాబట్టి ఉద్యోగం వెతుక్కునేవారు దేశం మొత్తం అంకెను పక్కనపెట్టి ఉద్యోగుల అంకెనే అడగాలి. వ్యాపారం పెట్టుకోవాలనుకునేవారికి స్వయం ఉపాధి అంకె అవసరం.

ఖండాల స్థాయిలో మాత్రం ఏ కొలమానంతో చూసినా వరుస పెద్దగా మారదు. కొవిడ్‌కు ముందు 2019 నాటికి ప్రపంచంలో పనిచేసేవారిలో మూడో వంతుకు పైగా, అంటే 35.4 శాతం 48 గంటలు దాటేవారనీ, ప్రపంచ సగటు 43.9 గంటలనీ అంతర్జాతీయ కార్మిక సంస్థ తేల్చింది. దక్షిణాసియా సగటు 49.0, తూర్పు ఆసియాది 48.8; ఉత్తర అమెరికాది 37.9, ఉత్తర దక్షిణ పశ్చిమ ఐరోపాది 37.2. దేశాల వారీ వాటాల్లో భూటాన్ 61 శాతంతో మనకంటే ముందుంది.

ఇక ఏడాది గంటల పట్టిక ఒకటుంది. 2023లో జర్మనీ 1,343, అమెరికా 1,799, మెక్సికో 2,207 అంటూ ఏటా వార్తల్లో కనిపిస్తుంది. సెలవులు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి ఇది ఆకర్షణీయంగా ఉంటుంది గానీ, దేశాల మధ్య స్థాయిలను పోల్చడానికి కాక ఒకే దేశంలో కాలక్రమంలో మార్పును చూడటానికే వాడాలని దాన్ని ప్రచురించే ఓఈసీడీయే హెచ్చరిస్తోంది. ఆ హెచ్చరికను దాటవేసి ర్యాంకులు కట్టేవారిని నమ్మకండి.

మన రాష్ట్రాల మధ్య పోలిక

2025లో ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి విడుదల చేసిన ఒక పత్రం, 2019 నాటి కాల వినియోగ సర్వే (రోజులో ఏ పనికి ఎంత సమయం పోతుందో అడిగే సర్వే) ఆధారంగా రాష్ట్రాలను పోల్చింది. వారానికి 70 గంటలకు మించి పనిచేసేవారి వాటా గుజరాత్‌లో అత్యధికం, 7.2 శాతం; బీహార్‌లో అత్యల్పం, ఒక శాతం చిల్లర. దీన్ని చదివి బీహార్‌లో కార్మికుడు విశ్రాంతిగా ఉన్నాడని అనుకునేవారు ఆ రాష్ట్రం నుంచి హైదరాబాద్ నిర్మాణ స్థలాలకూ రైస్ మిల్లులకూ వచ్చినవారిని ఒకసారి పలకరించాలి. చేయడానికి పని ఉంటే కదా గంటలు పెరిగేది! ఎక్కువ గంటల వాటా తక్కువగా ఉండటానికి చట్టం బాగా అమలు కావడం ఒక కారణం, పని చాలకపోవడం మరో కారణం. ఈ రెండింటినీ విడదీయడానికి ఇంకా ఎక్కువ పని కావాలని కోరుకునేవారి వాటానూ, 35 గంటలలోపే పని దొరికినవారి వాటానూ పక్కన పెట్టి చదవాలి. మూడు అంకెలూ కలిపి చూడని రాష్ట్రాల పోలిక నా దృష్టిలో పోలికే కాదు.

గల్ఫ్ వెళ్లేవారికి

జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల నుంచి, ఆంధ్రలో రాయచోటి, కడప, కోనసీమ వైపుల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారు వేలల్లో ఉన్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024 నాటి పట్టికల్లో యూఏఈ వారపు సగటు 50.9 గంటలు. చట్టం మాత్రం రోజుకు 8, వారానికి 48 అంటుంది. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఓటీ (డ్యూటీ వేళలకు మించిన అదనపు పని) రోజుకు రెండు గంటలు మించకూడదు, మూడు వారాల్లో మొత్తం పని 144 గంటలు దాటకూడదు. ఈ 144ను మూడుతో భాగిస్తే మళ్లీ 48 వస్తుంది. సగటే 48 దాటిందంటే చట్టానికీ డ్యూటీకీ మధ్య ఎంత దూరముందో వేరే చెప్పనక్కర్లేదు. సౌదీ, ఖతార్, కువైట్‌లలో కూడా చట్టం రాసుకున్నది 48 గంటలే కాబట్టి చట్టాన్ని బట్టి వీటిలో ఒకదాన్ని ఎంచుకోవడం కుదరదు.

ఎంచుకోవాల్సింది కాగితం చూసి. యూఏఈలో ఓటీని బేసిక్ జీతం మీద లెక్కగడతారు. మామూలు గంట రేటుకు కనీసం 25 శాతం, రాత్రి పది నుంచి తెల్లవారుజాము నాలుగు మధ్య అయితే 50 శాతం కలపాలి. ఇద్దరు ఏజెంట్లు మీకు నెలకు 1,200 దిర్హాములే చెప్పారనుకుందాం. మొదటి కాగితంలో బేసిక్ 1,200. రెండో దాంట్లో బేసిక్ 720, మిగతా 480 అలవెన్సులు. 30 రోజులు, 8 గంటల లెక్కన మొదటివాడి గంట రేటు 5 దిర్హాములు, ఓటీ గంటకు 6.25. రెండోవాడిది గంటకు 3, ఓటీకి 3.75. నెలకు 40 గంటల ఓటీ చేస్తే మొదటివాడికి 250, రెండోవాడికి 150 దిర్హాములు వస్తాయి. చెమట ఒకటే, నెలకు 100 దిర్హాముల తేడా. ఉద్యోగం వదిలేసి వచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు డబ్బు కూడా బేసిక్ మీదే లెక్క కాబట్టి ఆ తేడా అక్కడా వెంటాడుతుంది. అందువల్ల ‘ఓటీ బాగా దొరుకుతుంది’ అన్న ఏజెంటు మాట విని సంబరపడకుండా బేసిక్ ఎంతో చూడాలి, ఆ తర్వాతే ఏ దేశమన్నది ఆలోచించాలి.

ఇళ్లలో పనికి వెళ్లే మహిళల సంగతి వేరు. చాలా గల్ఫ్ దేశాల్లో మామూలు కార్మిక చట్టం వారికి వర్తించదు, ప్రత్యేక చట్టాలున్నాయి. కువైట్ 2015 నాటి చట్టం రోజుకు గరిష్ఠంగా 12 గంటల పని, వారానికో సెలవు అంటుంది. ఆరు రోజులకు 72 గంటలు చట్టబద్ధమన్నమాట. యూఏఈ 2022 చట్టం పని గంటలను కాకుండా విశ్రాంతిని చెప్పింది: రోజుకు 12 గంటలు, అందులో ఎనిమిది వరుసగా. 49 గంటల గీతతో ఈ పనిని కొలవడంలో అర్థం లేదు. వీక్లీ ఆఫ్ రోజున బయటికి వెళ్లనిస్తారా, ఫోను చేతిలో ఉంటుందా అన్నవి ముందు తేల్చుకోవాలి.

సాఫ్ట్‌వేర్ వారికి: అమెరికా, జర్మనీ, సింగపూర్, హైదరాబాద్

అమెరికాలో 1938 నాటి చట్టం 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలంటుంది గానీ, పెద్దవారికి ఎన్ని గంటలైనా పనిచేయించడానికి ఏ గరిష్ఠ పరిమితీ పెట్టదు. పైగా వారానికి కనీసం 684 డాలర్ల జీతమో గంటకు 27.63 డాలర్లో తీసుకునే కంప్యూటర్ నిపుణులు ఆ ఓటీ నుంచి మినహాయింపు పొందిన వర్గం. హెచ్-1బీ మీద వెళ్లిన మనవాళ్లలో ఎక్కువ మంది ఇందులోనే ఉంటారు. కాబట్టి దేశం మొత్తానికి 10 శాతమే 50 గంటలు దాటుతున్నారన్న అంకె వారికి ఊరటనివ్వదు. తన వీసా ఉద్యోగమిచ్చిన సంస్థతో ముడిపడి ఉన్న మనిషి 41వ గంట గురించి గట్టిగా మాట్లాడగలడా అన్నది ఏ సర్వే గడిలోనూ కనిపించని సంగతి.

జర్మనీలో 1994 నాటి పని వేళల చట్టం రోజుకు 8 గంటలు, ఆరు నెలల సగటు సరిపోయేలా అయితే 10 గంటల వరకు అనుమతిస్తుంది. యూరోపియన్ యూనియన్ ఆదేశం ప్రకారం ఓటీతో కలిపి వారపు సగటు 48 దాటకూడదు, ఒక రోజు పని ముగిసి మరుసటి రోజు పని మొదలయ్యే మధ్య వరుసగా 11 గంటల విరామం ఉండాలి. అర్ధరాత్రి సర్వరు పడిపోయి లేచి కూర్చున్నవారికి ఈ 11 గంటల నియమం విలువ తెలుస్తుంది. బ్రిటన్‌లోనూ 48 గంటల పరిమితి ఉంది గానీ, దాన్ని వదులుకుంటున్నట్లు ఉద్యోగి సంతకం చేసే వీలుంది. చేరేటప్పుడు ఇచ్చే కాగితాల కట్టలో ఆ పత్రం కలిసిపోయి ఉంటుంది, చూసి సంతకం పెట్టండి.

సింగపూర్‌లో చట్టం 44 గంటలన్నా, శారీరక శ్రమ కాని పనుల్లో నెలకు 2,600 సింగపూర్ డాలర్లకు మించి జీతం తీసుకునేవారికి ఆ భాగం వర్తించదు. ఇంజనీర్లంతా దాని బయటే. జపాన్ 2019 నుంచి పెద్ద సంస్థల్లో ఓటీకి చట్టబద్ధమైన పరిమితి పెట్టింది: మామూలుగా నెలకు 45 గంటలు, ఏడాదికి 360, ప్రత్యేక ఒప్పందం ఉన్నా ఏడాదికి 720, ఏ నెలలోనూ 100కు లోపే. కొరియా 2018లో వారపు గరిష్ఠాన్ని 68 నుంచి 52కు తగ్గించింది, 2023లో దాన్ని 69కి పెంచాలన్న ప్రతిపాదన యువత వ్యతిరేకతతో వెనక్కి పోయింది. చైనాలో ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా, వారానికి ఆరు రోజులు పనిచేయించే పద్ధతి చట్టవిరుద్ధమని 2021లో అక్కడి సుప్రీం కోర్టు చెప్పాల్సి వచ్చింది.

హైదరాబాద్‌లో ఉండిపోదామనుకునేవారు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. తెలంగాణ ప్రభుత్వం 2025 జూలైలో వాణిజ్య సంస్థల్లో రోజువారీ పరిమితిని 10 గంటలకు పెంచింది, వారానికి 48 అలాగే ఉంచింది, మూడు నెలల్లో 144 గంటల వరకు ఓటీకి అనుమతిచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది ఫ్యాక్టరీల్లో రోజుకు 10 గంటలు, మూడు నెలల ఓటీ 75 నుంచి 144కు అన్న మార్పు తెచ్చింది. రెండోది, ఐటీ సంస్థలకు దుకాణాల చట్టంలోని పని వేళల సెక్షన్ల నుంచి ప్రభుత్వం మినహాయింపులిస్తూ వచ్చింది. అమెరికా క్లయింటుతో రాత్రి పదకొండు దాకా ఉండే కాల్స్, క్యాబ్‌లో కూర్చుని లాప్‌టాప్ తెరిచే సమయం సర్వేలో ఉద్యోగి తనంతట తాను చెబితే తప్ప నమోదు కావు. చాలామంది వాటిని పనిగా చెప్పరు కూడా.

ఈ దారులన్నీ ఎదురుగా ఉంటే నా ఎంపిక ఇది: సమయం ముఖ్యమనుకునేవారికి జర్మనీ, నెదర్లాండ్స్; పొదుపు ముఖ్యమనుకునేవారికి అమెరికా, అయితే ఆఫర్ లెటర్ మీద సంతకానికి ముందు ఆన్‌కాల్ (వేళకాని వేళ పిలిచినా పనికి సిద్ధంగా ఉండే) వంతు నెలకు ఎన్ని వారాలు వస్తుందో, రాత్రి లేచినవారికి మర్నాడు ఆలస్యంగా రావడానికి వీలుందో లేదో టీమ్‌లో ఇప్పటికే ఉన్నవారిని అడిగి తెలుసుకోవాలి. సింగపూర్‌ను గంటల కోసం ఎంచుకోవద్దు. హైదరాబాద్‌లో సంస్థ కంటే క్లయింటు ఏ దేశంవారన్నదే మీ రాత్రులను నిర్ణయిస్తుంది. అదే జీతానికి యూరప్ ప్రాజెక్టు దొరికితే వదులుకోకండి.

ఆడవారి గంటలు

పై పట్టికల్లో దాదాపు ప్రతిచోటా 49 గంటలు దాటిన మహిళల వాటా మగవారి వాటా కంటే తక్కువగా ఉంటుంది. జీతం వచ్చే పనిని మాత్రమే, లేదా ఆదాయం తెచ్చే పనిని మాత్రమే లెక్కించడం వల్ల ఇలా కనిపిస్తుంది. 2024 కాల వినియోగ సర్వేలో ఇంటి పని చేసిన మహిళలు దాని మీద రోజుకు సగటున 289 నిమిషాలు గడిపితే, ఆ పని చేసిన మగవారు 88 నిమిషాలు గడిపారు. 289 నిమిషాలను ఏడుతో హెచ్చిస్తే వారానికి 33 గంటల పైమాటే. వారానికి 30 గంటలు బయట పనిచేసే మహిళ ఉద్యోగ సర్వేలో తక్కువ గంటల గడిలోకి వెళ్తుంది, రెండూ కలిపితే 63 దాటుతుంది. కాబట్టి కుటుంబంతో కలిసి ఊరు మారేవారు భర్త డ్యూటీ గంటలతోపాటు పిల్లల సంరక్షణ కేంద్రం ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందో కూడా పోల్చుకోవాలి. పరిశోధకులైతే స్త్రీ పురుషుల పోలికకు పీఎల్‌ఎఫ్‌ఎస్‌ను కాక కాల వినియోగ సర్వేనే వాడాలి.

సొంతంగా లెక్క వేసుకునేవారికి

తయారుగా దొరికే పట్టికలు మన జిల్లాల దాకా రావు. పీఎల్‌ఎఫ్‌ఎస్ నివేదికల్లో రాష్ట్రాల వారీగా అచ్చయ్యేది ఎక్కువగా సగటు గంటలే. వాటా కావాలంటే కేంద్ర గణాంక శాఖ ఉచితంగా ఇచ్చే వ్యక్తిస్థాయి ఫైళ్లను దించుకుని ఏడు రోజుల గంటలను కూడి, 48 దాటినవారిని ఏరుకోవాలి. అలా చేసేటప్పుడు ఏడు రోజుల్లో ఒక్క గంటైనా పనిచేసినవారినే హారంలో ఉంచాలి. పని ఉండి కూడా ఆ వారం జబ్బుతోనో పండగకో సెలవులో ఉన్నవారిని సున్నాగా కలిపేస్తే వాటా తగ్గిపోతుంది. రెండు వృత్తులున్నవారి గంటలు విడివిడి గడుల్లో ఉంటాయి, కలపడం మరిచిపోతే ఉదయం పొలం, సాయంత్రం కొట్టు చూసుకునే మనిషి సగం కనబడకుండా పోతాడు. యూరోస్టాట్ ప్రధాన ఉద్యోగపు గంటలనే చూస్తుంది కాబట్టి ఆ పట్టికతో పోల్చదలిస్తే మాత్రం మన దగ్గరా ప్రధాన వృత్తి గంటలనే తీసుకోవాలి.

జిల్లా స్థాయిలో నమూనా చాలా చిన్నది, దాని మీద అంకెలు నిలబడవు. నమూనా సర్వేల కోసం ఆంధ్రను ఉత్తర కోస్తా, దక్షిణ కోస్తా, సీమ అనీ, తెలంగాణను రెండు ముక్కలుగానూ విభజించిన ప్రాంతాలున్నాయి; వాటి వరకు వెళ్లవచ్చు, అక్కడ కూడా రెండు మూడేళ్ల ఫైళ్లను కలిపి, సర్వేతోపాటు ఇచ్చిన వెయిట్లు (సర్వేలోని ఒక్కో మనిషి ఎంతమందికి ప్రతినిధో చెప్పే సంఖ్యలు) వేసి, జీతగాళ్లు, కూలీలు, స్వయం ఉపాధి వారు అన్న మూడు వరుసల్లో విడివిడిగా చూపించాలి.